పసుపు గీతల వెంట

రోక్‌వెర్ద్, 11 అక్టోబర్ 1987

అక్కా,

నీ తమ్ముడికి ఈ వయసులో ఉద్యోగం దొరికింది. జీతం లేదు, రంగు డబ్బా మాత్రం ఇచ్చారు. నవ్వడం తర్వాత, ముందు మొత్తం చదువు.

పోయిన వారం మా పెరటి గోడ మీద ఎవరో పసుపు గీత ఒకటి గీసి పోయారు. నాకు ఒళ్ళు మండి మేయర్ ఆఫీసుకు ఫిర్యాదు చేయడానికి వెళ్ళాను. అక్కడ మదాం బార్బరూ కూర్చుని ఉంది. ఈ ఊళ్ళో సగం మందికి పురుడు పోసిన మంత్రసాని, ఇప్పుడు నడకల సంఘానికి అధ్యక్షురాలు. ఆ గీత అడవి బాటకు గుర్తు అనీ, బాట మా గోడ పక్క నుంచే పోతుందనీ, సోలాంజ్ బతికున్న రోజుల్లోనే దానికి ఒప్పుకుందనీ ఆవిడ చెప్పింది. మా ఆవిడ పోయి మూడేళ్ళయినా నా గోడల సంగతి నాకంటే ఆమెకే ఎక్కువ తెలుసన్నమాట. ఆ తర్వాత ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, సంఘంలో మనుషులు చాలడం లేదు, మీకు బ్రష్ పట్టుకోవడం వచ్చా అని అడిగింది. నాకు ఎవరికైనా రాదని చెప్పడం చేతకాదు కదా. ఫిర్యాదు చేద్దామని వెళ్ళినవాణ్ణి రంగు డబ్బాతో ఇంటికొచ్చాను.

బతుకంతా లిఫ్టులు బాగుచేసి జనాన్ని మెట్లెక్కకుండా కాపాడాను. ఇప్పుడు అదే జనాన్ని కొండ ఎక్కమని చెట్లకు గీతలు గీస్తున్నాను. 

మొదటి రోజే తప్పిపోయాను. ఇక్కడ లెక్క చాలా తేలిక. పసుపు గీత ఉంటే దారి సరైనది, పసుపు ఇంటూ గుర్తు ఉంటే తప్పుదారి. నేను సీసా బిరడాలకు దళసరి బెరడు ఒలిచే బెండు చెట్ల మధ్య గీతలు గీసుకుంటూ పోయి పోయి ఎక్కడున్నానో తెలియక నిలబడ్డాను. అంతలో ఎదురుగా ఒక చెట్టు మీద చక్కటి గీత కనిపించింది. ఎవరో అనుభవజ్ఞుడు నాకంటే ముందే వచ్చాడని ప్రాణం లేచొచ్చింది. దగ్గరికెళ్ళి చెయ్యి వేస్తే తడిగా ఉంది. అది నేను పొద్దున గీసిందే. నా వెనక నేనే నడుస్తున్నాను.

ఆపరేషన్ చేసి పెట్టిన నీ కొత్త తుంటి ఎలా ఉంది? నడిపిస్తున్నారా? 

చేతులు ఇంకా పసుపుగానే ఉన్న నీ తమ్ముడు
ఫిర్మాన్


లీల్, 2 నవంబర్ 1987

ఒరేయ్ ఫిర్మాన్,

నీ ఉత్తరం కింది అంతస్తు మదాం లెకోక్‌కి చదివి వినిపించాను. తడి గీత దగ్గరికొచ్చేసరికి ఆవిడ నవ్వు ఆపుకోలేక నా కుర్చీ చేతులు పట్టుకుంది. చిన్నప్పుడు మన వీధి చివర రొట్టెల కొట్టుకు పంపిస్తే పక్క పేటలో తేలిన వాడివి, నీ చేతికి అడవి అప్పజెప్పారంటే ఆ ఊళ్ళో మగవాళ్ళు నిజంగానే కరువయ్యారు.

తుంటి భేషుగ్గా ఉంది. డాక్టరే ఆశ్చర్యపోతున్నాడు. రోజూ పొద్దున్నే మెట్లు దిగి, మూలనున్న రొట్టెల కొట్టు దాకా వెళ్ళి, అటునుంచి కాలువ గట్టుమీద ఆ చివరి వంతెన వరకు నడిచి వస్తున్నాను. కొట్టు అమ్మాయి నన్ను చూడగానే ఒక రొట్టె పక్కన తీసి పెడుతుంది. నిన్న గట్టుమీద ఎదురుగాలి కొట్టి నా టోపీ నీళ్ళలో పడబోయింది. ముప్పై ఏళ్ళు టోపీలు కుట్టి అమ్మినదాన్ని, గాలికి నిలిచే టోపీ ఒక్కటీ నాకోసం కుట్టుకోలేదు చూడు.

ఇక్కడ నేలంతా చదును. తప్పిపోదామన్నా కుదరదు. వచ్చెయ్యరాదూ? ఒక్కడివీ అక్కడ అడవి పందులతో ఏం మాట్లాడతావు?

రోజూ నడిచే నీ అక్క
ఒదీల్


రోక్‌వెర్ద్, 24 జనవరి 1988

మహా నడకరి అయిన అక్కకు,

ఈ పిలుపు నాది కాదు, మా సంఘానిది. ఎందుకో చెబుతాను, కోప్పడకు.

పోయిన నెల సమావేశంలో కొత్త బాట గురించి చర్చ జరిగింది. ముసలివాళ్ళకూ, ఆపరేషన్లు అయినవాళ్ళకూ, చంకలో పిల్లల్ని ఎత్తుకున్న తల్లులకూ పనికొచ్చే తేలిక బాట ఒకటి వెయ్యాలని నేను లేచి చెప్పాను. వెనక బల్ల మీద వేటగాళ్ళు గుసగుసలాడారు. కొండల్లో తేలిక బాట ఎవడికి కావాలి, కూర్చునేవాళ్ళకు ఇంట్లో కుర్చీలు లేవా అన్నారు. నాకు పౌరుషం వచ్చింది. జేబులోంచి నీ ఉత్తరం తీసి చదివాను. డెబ్బై దాటిన మా అక్క కొత్త తుంటితో ఎదురుగాలిలో రోజూ ఎంత దూరం నడుస్తుందో చూడండి అన్నాను. మదాం బార్బరూ కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

బాట మంజూరైంది. చర్చి వెనక మొదలై, బెండు చెట్ల మధ్య నుంచి వాగు దాటి, చెస్ట్‌నట్ తోపులోకి వెళ్ళి, పాడుబడ్డ బొగ్గుబట్టి మీదుగా మళ్ళీ ఊళ్ళోకి వస్తుంది. ఎత్తు తక్కువ, నీడ ఎక్కువ. వాగు మీద పలకలు నేనే వేశాను. రెండోసారి వేసినవి నిలిచాయి. దారిలో దుంగలతో బల్లలు కూడా పెడుతున్నాను. పర్యాటకుల సౌకర్యం కోసమని చెప్పాను గానీ, ఎక్కడెక్కడ నాకు ఆయాసం వచ్చిందో అక్కడక్కడ ఒక బల్ల వెలిసింది.

ఇక అసలు సంగతి. ఏప్రిల్‌లో ఆ బాటను నువ్వు ప్రారంభించాలని సంఘం తీర్మానించింది. వేసవి వస్తే మంటల భయానికి అడవి మూసేస్తారు కాబట్టి ఆలోపే కావాలి. పోస్టర్లు వేయించారు. నీ పేరు నా పేరుకంటే పెద్ద అక్షరాల్లో ఉంది. 

మిమోసా చెట్లు అప్పుడే పసుపుగా పూస్తున్నాయి. ఊరంతా నా రంగు డబ్బా ఒలికినట్టుంది.

నీ రాక కోసం పలకలు కొడుతున్న
ఫిర్మాన్


లీల్, 9 ఫిబ్రవరి 1988

ఫిర్మాన్,

నేను రావడం కుదరదు.

పిల్లి ముసలిదైంది, నేను లేకపోతే తినదు. ఏప్రిల్‌లో మదాం లెకోక్ వాళ్ళ మనవరాలి పెళ్ళికి టోపీ కుడతానని మాటిచ్చాను. రైలు మారే చోట పెట్టె మోసేవాళ్ళు ఈ రోజుల్లో దొరకరు. పైగా దక్షిణాది ఎండ నాకు పడదు. ఇవి చాలకపోతే ఇంకో నాలుగు కారణాలు రాసి పంపుతాను.

అయినా నన్ను అడక్కుండా పోస్టర్లేమిటి? నేను నీకు రాసిన ఉత్తరం ఊరందరికీ చదవడమేమిటి? నీ పెళ్ళాం ఊరి కొండల్లో నడిచి చూపించడానికి నేను సర్కస్ గుర్రాన్ని కాను. 

ఒదీల్


రోక్‌వెర్ద్, 1 మార్చి 1988

ఒదీల్,

నీ ఉత్తరం చేరింది. చాలాసార్లు చదివాను. పిల్లి గురించి రాసిన మాటలు నమ్మాలనే ప్రయత్నించాను.

‘నీ పెళ్ళాం ఊరు’ అన్నావు. అక్కడ విషయం అర్థమైంది. నేను పనిలోంచి దిగిపోయాక లీల్‌లో ఉండకుండా సోలాంజ్ వెంట ఇక్కడికి వచ్చేయడం నీకు ఇష్టం లేదని నాకు తెలుసు. ఆమె పోయినప్పుడు నువ్వు వచ్చావు, స్మశానంలో నా పక్కన నిలబడ్డావు, ఆ సాయంత్రమే రైలెక్కావు. నేను ఉండమనలేదు, నువ్వు ఉంటాననలేదు. అది పాత ముచ్చట, వదిలెయ్. రోజూ అంత దూరం నడవగలిగినదానివి నా ఇంటి దాకా రాలేనంటే, అది కాళ్ళ సమస్య కాదు కదా.

పోస్టర్లు తీసేయమని మదాం బార్బరూకు చెబుతాను. 

ఇంకొకటి. నేను నడకలకు నాయకుణ్ణని నువ్వు అనుకుంటున్నావేమో. కాదు. నాది వరసలో అందరికంటే చివర నడిచే పని. ఎవరూ అడవిలో వెనకబడిపోకుండా చూడాలట. అందరికంటే నెమ్మదిగా నడిచేవాడికి సిగ్గు అనిపించకుండా మదాం బార్బరూ ఈ పదవి కనిపెట్టింది. ఎత్తు వస్తే నా గుండె గొంతులో కొట్టుకుంటుంది. డాక్టరు రోజూ కొంచెం నడవమన్నాడు గనకే ఆ రోజు రంగు డబ్బా వద్దనలేకపోయాను. తేలిక బాట కావాలని నేను కొట్లాడింది ఎవరికోసమో ఇప్పుడు నీకు తెలిసే ఉంటుంది. నీ ఉత్తరం చదివినప్పుడల్లా, అంత పెద్దావిడ కాలువ గట్టున నడుస్తుంటే నాకేమొచ్చిందని లేచి బయలుదేరేవాణ్ణి.

ఫిర్మాన్


లీల్, 8 మార్చి 1988

తమ్ముడూ,

పోస్టర్లు తీసేయకు. తీసేసి ఉంటే మళ్ళీ అంటించు, ఈ ఉత్తరం చదివాక నువ్వే తీసేద్దువు గాని.

నేను కాలువ గట్టు చూసి చాలా కాలమైంది. ఆసుపత్రి నుంచి కుర్చీలో పెట్టి ఇద్దరు మనుషులు నన్ను మూడో అంతస్తుకు మోసుకొచ్చిన రోజు నుంచి నేను కిందికి దిగలేదు. ఎదురుగాలి లేదు, నీళ్ళలో పడబోయిన టోపీ లేదు. రొట్టె మదాం లెకోక్ తెచ్చిపెడుతుంది.

మొదట్లో ఒకసారి ప్రయత్నించాను. మలుపు దగ్గర కాలు జారి కూర్చుండిపోయాను. దెబ్బేమీ తగల్లేదు. కానీ లేవలేను, పిలవడానికి సిగ్గు. ఎవరో ఒకరు రాకపోతారా అని గోడకానుకుని, ఏదో వెతుక్కుంటున్నదానిలా నటిస్తూ కూర్చున్నాను. చాలాసేపటికి మదాం లెకోక్ వచ్చి, ఏం వెతుకుతున్నారు అని అడిగింది. గుండీ అన్నాను. ఆ మంచి మనిషి మోకాళ్ళ మీద వంగి ఆ గుండీ కోసం మెట్లన్నీ వెతికింది. అబద్ధాలలో నా చేయి అప్పుడే తిరిగింది.

డాక్టరు వచ్చిన ప్రతిసారీ తుంటి బాగా కుదురుకుంది, ఇక మిగిలింది నీ భయమే అంటాడు. ఆ మాట నీకెలా రాస్తాను? నువ్వు తప్పిపోతావు, అయినా మళ్ళీ పోతావు. నేను తలుపు తీసి, మెట్లు చూసి, తలుపు వేస్తాను. నువ్వు బెండు చెట్లన్నావు, వాగన్నావు, చెస్ట్‌నట్ తోపన్నావు. కిటికీ దగ్గర కూర్చుని నీ ఉత్తరాలతోనే అదంతా నడిచాను. నాకూ ఏదో ఒక నడక ఉండాలి కదా అని కాలువ గట్టు రాశాను.

నీ మీద కోపం కాదు. సోలాంజ్ మీద అసలే కాదు. ఆ సాయంత్రం నేను రైలెక్కింది, నీ ముందు ఏడిస్తే నిన్ను ఎవరు ఓదారుస్తారని భయపడి. పోస్టర్ మాట చదవగానే అందరికీ నా బండారం బయటపడుతుందని కంగారొచ్చింది. అందుకే కరిచాను.

పోస్టర్‌లో పెద్ద అక్షరాల్లో ఉన్న
ఒదీల్


రోక్‌వెర్ద్, 15 మార్చి 1988

అక్కా,

నీ ఉత్తరం పట్టుకుని తిన్నగా మదాం బార్బరూ ఇంటికి వెళ్ళాను. పోయినసారి హాల్లో చదివినవాణ్ణి కదా, ఈసారి ఆవిడ ఒక్కదానికే, గొంతు తగ్గించి చెప్పాను. నాకు ముఖం చెల్లలేదు. ఆవిడ ఆలివ్‌లకు గింజలు తీస్తూనే అంతా విని, “అయితే ఈ బాట ఆవిడకే కదయ్యా వేసింది. అక్టోబర్‌కి మార్చండి, చెస్ట్‌నట్లు కూడా రాలతాయి” అంది. పోస్టర్ల మీద తేదీ ఒక్కటే కొట్టేశాం. నీ పేరు అలాగే ఉంది.

ఇక సంఘం తరఫున నీకొక పని. మేము కొత్త బాటకు ఎప్పుడూ వివరం రాసి పెడతాం. లీల్ నుంచి నువ్వు రాసినదాన్ని బట్టి, నాకు గుర్తున్నదాన్ని బట్టి ఒకటి రాశాను.

‘ఒదీల్ గారి మెట్ల బాట. తేలిక. వర్షంలోనూ నడవవచ్చు. అడవి పందుల బెడద లేదు. మూడో అంతస్తులో ఎడమ చేతి తలుపు దగ్గర బయలుదేరాలి. మెట్ల కమ్మీ కుడివైపు ఉంటుంది, వదలకూడదు. మొదటి మలుపు దగ్గర గ్యాస్ మీటరు కనిపిస్తుంది. అంతకుమించి దృశ్యం లేదు, కాబట్టి అక్కడ ఆగి ఊపిరి తీసుకోవచ్చు. ఆ రోజుకు అది చాలనిపిస్తే వెనక్కి తిరగడం ఈ బాటలో ఆనవాయితీ. రెండో అంతస్తులో మదాం లెకోక్ తలుపు, ఉల్లికాడల సూపు వాసన. అక్కడ ఒక కుర్చీ వేయించాలని సంఘం కోరిక. ఆ కింద బాట కాస్త చీకటి. వీధి తలుపు బరువైనది, భుజంతో నెట్టాలి.’

ఈ కవరులో పసుపు కాగితం ముక్కలు పెట్టాను. మదాం లెకోక్‌తో మలుపు మలుపుకీ ఒకటి అంటించమను. నువ్వు అంటించకు, నీది నడిచే పని. ఎంత దూరం వెళ్ళావో నాకు రాయాల్సిన పని లేదు. రాస్తే నిజమే రాయి, నేనూ ఇక నిజమే రాస్తాను. నిన్న బొగ్గుబట్టి దాకా వెళ్ళేసరికి నాలుక బయటపెట్టాను.

నీ వెనక నడిచేవాడు
ఫిర్మాన్


లీల్, 19 జూన్ 1988

బాటల అధికారికి నడకరి నివేదిక.

గ్యాస్ మీటరు బొమ్మను ఇప్పుడు నేను కళ్ళు మూసుకుని గీయగలను. మొదట్లో దాని దాకా వెళ్ళి, దానికి నమస్కారం చేసి, వెనక్కి వచ్చేదాన్ని. మదాం లెకోక్ కుర్చీ వేసింది. దాని మీద కూర్చుని కబుర్లలో పడి రెండు వారాలు అక్కడే ఆగిపోయాను. సంఘం పెట్టే బల్లలు నడకకు అడ్డమని నా అభిప్రాయం. 

పసుపు కాగితాలు చూసి ఇంటి యజమాని గోడలు పాడుచేస్తున్నారని గొడవకొచ్చాడు. ఇది గుర్తులున్న బాట, మీరు దారికి అడ్డంగా నిలబడ్డారు అన్నాను. కాసేపు ఆలోచించి పక్కకు జరిగాడు.

పోయిన మంగళవారం వీధి తలుపు భుజంతో నెట్టాను. బయట ఎండగా ఉంది. మూలనున్న రొట్టెల కొట్టుకు చేతికర్రతో ఠీవిగా వెళ్ళాను. అక్కడ కొట్టు లేదు. కళ్ళజోళ్ళు అమ్ముతున్నారు. పోయిన అక్టోబర్‌లోనే మూసేశారట. నేను నీకు రొట్టెలు పక్కన పెట్టే అమ్మాయి గురించి రాసేనాటికి ఆ అమ్మాయి పెళ్ళి చేసుకుని బెల్జియం వెళ్ళిపోయింది. ఏం చేయను, అంత దూరం వచ్చి ఊరికే పోకూడదని లోపలికెళ్ళి నాలుగు కళ్ళజోళ్ళు పెట్టి చూసుకున్నాను.

అక్టోబర్ పోస్టర్ ఒకటి పంపు. మదాం లెకోక్ నమ్మడం లేదు.

ఒదీల్


రోక్‌వెర్ద్, 23 ఆగస్టు 1988

అక్కా,

కొండ కాలిపోయింది.

నేను క్షేమంగా ఉన్నాను, ఊరూ క్షేమం. అడవి అప్పటికే మూసి ఉంది కాబట్టి బాటల్లో ఎవరూ లేరు. పెద్దగాలి వీస్తున్న రోజు, మంట తూర్పు వైపు నుంచి వచ్చింది. మమ్మల్ని స్కూల్లోకి తరలించారు. కిటికీలోంచి చూస్తుంటే చెస్ట్‌నట్ తోపు వైపు ఆకాశం గోధుమరంగైపోయింది. పక్కన మదాం బార్బరూ తాను పురుడు పోసిన కుర్రాళ్ళ పేర్లు ఒక్కొక్కటే చెప్పుకుంటూ కూర్చుంది. వాళ్ళందరూ మంటల దగ్గరున్నారు. అందరూ తిరిగొచ్చారు.

నిన్న పైకి వెళ్ళనిచ్చారు. వాగుకి ఇవతల బాట పచ్చగా ఉంది. అవతల నా బల్లలు లేవు, పలకలు లేవు, ఒక్క పసుపు గీత లేదు. అంతా నలుపు. నా ఆయాసం గుర్తులన్నీ కాలిపోయాయి. ఈసారి నవ్వించేలా రాద్దామని కూర్చున్నాను, రావడం లేదు.

నువ్వు రావద్దు. చూపించడానికి ఇక్కడ ఏమీ మిగల్లేదు. 

ఫిర్మాన్


లీల్, 29 ఆగస్టు 1988

ఫిర్మాన్,

నువ్వు రావద్దన్నావు. ఒకప్పుడైతే దానికి కోపం తెచ్చుకుని ఇంకో ఉత్తరం నీకు తగిలించేదాన్ని. ఈసారి రెండుసార్లు చదివాను. నువ్వు తలుపు తీసి, కొండ చూసి, తలుపు వేస్తున్నావు.

అక్టోబర్ మొదటి శనివారం తూలోన్ స్టేషన్‌లో దిగుతాను. పెట్టె చిన్నదే. పిల్లిని మదాం లెకోక్ చూసుకుంటుంది, అది ఎవరు పెట్టినా తింటుంది.

రంగు డబ్బా మూత ఎండిపోకుండా చూడు.

నీ అక్క


రోక్‌వెర్ద్, వంటింటి బల్ల మీద
సోమవారం పొద్దున

ఫిర్మాన్,

నువ్వు గురకపెడుతున్నావు, లేపబుద్ధి కాలేదు. నిన్న బాగా అలిసిపోయావు. ప్రారంభోత్సవానికి పోస్టర్‌లో రాసినంత మంది రాలేదు గానీ వచ్చినవాళ్ళు ఒక్కొక్కరూ ముగ్గురి పాటి మాట్లాడారు. వేటగాళ్ళు పలకలు మళ్ళీ వేసి, నేను అడుగు పెడుతుంటే ఇద్దరు చెరోవైపు నీళ్ళలో నిలబడ్డారు, చెప్పులు తడిసినా కదల్లేదు. మర్యాదకు నేను వాళ్ళ చేతులు పట్టుకున్నాను, అవసరం లేకపోయినా. అవసరం లేదని రాయడం కొంచెం అబద్ధం.

కాలిన చోట నువ్వు కూర్చుండిపోయావు. నేను వచ్చిన రోజు నుంచీ నువ్వు అటువైపు చూడటం లేదని గమనిస్తూనే ఉన్నాను. మిగతావాళ్ళు ముందుకు పోయాక, “ఇది సోలాంజ్‌కి చాలా ఇష్టమైన తోపు అక్కా, నాకు ఇంకేం మిగిలింది” అన్నావు. బూడిదలో నీ పక్కన కూర్చున్నాను, అంతే. ఈసారి రైలు లేదు కాబట్టి ఇద్దరం తీరిగ్గా ఏడ్చాం. నువ్వు కళ్ళు తుడుచుకుంటుంటే నేను పక్కనున్న బెండు చెట్టు చూస్తున్నాను. మొద్దు బొగ్గులా ఉంది, పైన కొమ్మల నిండా లేత ఆకులున్నాయి. నీకు చూపిద్దామనుకుంటే మదాం బార్బరూ వెనక్కొచ్చి, కేకులు అయిపోతున్నాయి లేవండి అంది.

నిన్న అందరూ మాట్లాడుతుంటే నాకు అడవి సరిగా వినబడలేదు. అందుకని ఇవాళ ఒక్కదాన్నే మళ్ళీ వెళ్తున్నాను. చేతికర్ర తీసుకున్నాను. నీ రంగు డబ్బా, చిన్న బ్రష్ కూడా తీసుకున్నాను. వాగుకి అవతల గీతలు లేవు కదా, మొదటిది ఆ ఆకులేసిన చెట్టు మీద వేస్తాను. వంకరగా ఉంటే తిట్టుకోకు, నాకు సూది పట్టడమే అలవాటు.

కాఫీ పొయ్యి మీదుంది. రొట్టె తిని, మందు వేసుకుని, అప్పుడు బయలుదేరు. తొందరేమీ లేదు, ఎక్కడ ఆయాసం వస్తే అక్కడ కూర్చో.

నేను ముందున్నాను.

ఒదీల్